చిన్న వైద్యానికి హద్దులు గీయండి: వెటర్నరీ కౌన్సిల్‌కు బహిరంగ లేఖ

వెటర్నరీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అధ్యక్షులకు, సభ్యులకు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పశుసంవర్ధక శాఖల డైరెక్టర్లకు,

నమస్కారం.

నేను రాష్ట్ర రిజిస్టరులో పేరున్న పశువైద్యుణ్ని. రాయలసీమలో ప్రాక్టీసు చేస్తున్నాను. ఈ లేఖలో అడగబోయేది మా వృత్తిలో చాలామందికి నచ్చదని తెలిసే రాస్తున్నాను. డిప్లొమా చదివి పశువైద్యులకు సహాయంగా పనిచేసే పారావెట్లకు చట్టంలో సరైన చోటు ఇవ్వండి. వాళ్లు ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో రాతలో పెట్టండి. ఆ తర్వాత హద్దు దాటినవాళ్ల మీద నిజంగానే చర్య తీసుకోండి. పశువైద్యుల కొరతకు దీనికంటే తొందరగా పనిచేసే మార్గం నాకు కనబడటం లేదు.

కొరత ఎంతో చెప్పడానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు. అయిదు వేల పశు యూనిట్లకు ఒక పశువైద్యుడు ఉండాలని జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లోనే చెప్పింది. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఆవులు, గేదెలు కలిపి 30 కోట్ల పైచిలుకు. గొర్రెలు, మేకలు కలిపి 22 కోట్ల పైన. ఒక్కో ఆవును, గేదెను ఒక యూనిట్‌గా, పది గొర్రెలు, మేకలను కలిపి ఒక యూనిట్‌గా వేసుకున్నా, ఆ కొలత ప్రకారం సుమారు 65 వేల మంది డాక్టర్లు ఊళ్లలో, కొట్టాల దగ్గర ఉండాలి. ఈ లెక్కలో కోళ్లు లేవు, పందులు లేవు, పట్నాల్లోని కుక్కలు, పిల్లులు లేవు. ల్యాబుల్లో, కాలేజీల్లో, టీకాలు తయారుచేసే చోట, కబేళాల్లో పనిచేయాల్సినవాళ్లూ లేరు. మీ రిజిస్టరులోని పేర్లలో ఎందరు ఇవాళ ఒక ఆవును ముట్టుకుంటున్నారో మీకే తెలియాలి. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

తెలుగు నేల మీద ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. దేశంలో గొర్రెలు అత్యధికంగా ఉన్నది తెలంగాణలో, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో. 2012లో తెలంగాణలో కోటీ 28 లక్షల గొర్రెలుండేవి. మధ్యలో 2017లో గొర్రెల పంపిణీ పథకం వచ్చింది. 2019 లెక్కకు అవి కోటీ 90 లక్షలు దాటాయి. ఏడేళ్లలో గొర్రెలు సగానికి సగం పెరిగాయి. డాక్టర్లను అలా లారీల్లో తెచ్చి దింపలేం కదా! ఇక 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్సుల సంగతి. మంచి ఏర్పాటే, కాదనను. కేంద్రం పెట్టుకున్న కొలత మాత్రం లక్ష పశువులకు ఒక బండి. బండికి ఒక డాక్టరు, ఒక పారావెట్, ఒక డ్రైవరు. అది ఆసుపత్రులకు అదనంగా ఉండాల్సిన సౌకర్యం. ఆసుపత్రిలో డాక్టరు కుర్చీ ఖాళీగా ఉన్న మండలంలో మాత్రం అదే ఆసుపత్రి అయి కూర్చుంది.

ఇప్పుడు చట్టం దగ్గరికి వద్దాం. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం, 30వ సెక్షన్. రిజిస్టరైన పశువైద్యుడు తప్ప ఇంకెవరూ వైద్యం చేయకూడదని అది చెబుతుంది. దానికో మినహాయింపు ఉంది. డిప్లొమా గానీ సర్టిఫికెట్ గానీ ఉన్న స్టాక్‌మన్, స్టాక్ అసిస్టెంట్ లాంటి వాళ్లు రిజిస్టరైన డాక్టరు పర్యవేక్షణలో, ఆదేశాల మేరకు 'చిన్న పశువైద్య సేవలు' చేయడానికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతించవచ్చు. చిన్న సేవలంటే ఏమిటి? టీకాలు వేయడం, విత్తులు కొట్టడం, పుండ్లకు కట్టు కట్టడం. ఈ మూడూ ఉదాహరణగా చెప్పి, మిగతావి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం గెజిట్‌లో ప్రకటించుకోవచ్చని వదిలేశారు.

నలభై ఏళ్ల కిందటి మాట అది. అప్పటి ఊళ్లో దుక్కిటెద్దులు ఎక్కువ, సంకర జాతి ఆవులు తక్కువ. ఎద్దుకు విత్తులు కొట్టడం, కాడి రాసుకున్న పుండు కడగడం, గొంతువాపుకు, జబ్బవాపుకు సూది వేయడం, రోజువారీ పని దాదాపు ఇంతే. ఇవాళ మా వైపు ఎద్దు కనిపించడమే అరుదు. ఉన్నవన్నీ పాడి పశువులు. వాటి జబ్బులు వేరు: పొదుగువాపు, పాలజ్వరం, మాయ పడకపోవడం, ఎదకు రాకపోవడం. చట్టం ఉదాహరణగా చెప్పిన మూడు పనుల్లో వీటికి పనికొచ్చేది ఒక్కటీ లేదు.

పాలజ్వరాన్నే తీసుకోండి. బాగా పాలిచ్చే ఆవు ఈనిన ఒకటి రెండు రోజుల్లో ఒంట్లో కాల్షియం పడిపోయి తూలుతుంది, కూలబడుతుంది, మెడ పక్కకు తిప్పుకుని మగతగా పడుకుంటుంది. వెంటనే కాల్షియం ఎక్కిస్తే చాలాసార్లు గంటలోపే లేచి నిలబడుతుంది. ఎక్కించకపోతే కడుపుబ్బి, తెల్లారేలోపు చచ్చిపోవచ్చు. అదే కాల్షియాన్ని నరంలోకి గబగబా వదిలితే గుండె ఆగి అక్కడికక్కడే పడిపోతుంది. ప్రాణం నిలబెట్టే సీసా, ప్రాణం తీసే సీసా ఒకటే. తేడా అంతా చేతి వేగంలోనూ, గుండె మీద పెట్టిన స్టెతస్కోపులోనూ ఉంది.

రాత్రి రెండింటికి ఇలా ఆవు పడిపోతే రైతు ఎవరికి ఫోన్ చేస్తాడు? ముప్పై కిలోమీటర్ల దూరంలో ఉన్న నాకు కాదు. ఊళ్లో కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రకో, రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడికో, రిటైరైన కాంపౌండరుకో చేస్తాడు. వాళ్లలో ఎవరో ఒకరు బైకు మీద వచ్చి ఆ సీసా ఎక్కిస్తారు. కొందరు నాకంటే ఓపికగా ఎక్కిస్తారు, కొందరు తొందరపడతారు. ఈ సంగతి మీకు తెలుసు, నాకు తెలుసు, శాఖ జిల్లా జాయింట్ డైరెక్టరు గారికి తెలుసు. చట్టానికే తెలియదు. ఆవు బతికితే ఎవరూ మాట్లాడరు. చస్తే మాత్రం ఆ కుర్రాడు ఆ రాత్రి నుంచి ఊరికి దొంగ డాక్టరు. వాడికి నేర్పినవాళ్లు లేరు, రాసుకోవడానికి రికార్డు లేదు, వెనక నిలబడే డాక్టరూ లేడు.

అందుకే అడుగుతున్నాను. కౌన్సిల్ కూర్చుని దేశమంతటికీ పనికొచ్చే ఒక నమూనా జాబితా తయారు చేయాలి. రాష్ట్రాలు దాన్ని గెజిట్‌లో పెట్టుకోవాలి. దీనికి చట్ట సవరణ అక్కర్లేదు, పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు. 'రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించే ఇతర ప్రాథమిక వైద్యం' అన్న వాక్యం చట్టంలో మొదటి నుంచీ ఉంది. వాడుకోవడమే తరువాయి.

ఆ జాబితాలో మూడు రకాల పనులు విడివిడిగా ఉండాలన్నది నా ఆలోచన. పారావెట్ సొంతంగా చేయగలిగేవి కొన్ని: టీకాలు, నట్టల మందు తాగించడం, కృత్రిమ గర్భధారణ, పుండ్లు, పొదుగువాపును ముందే పట్టే పాల పరీక్ష. డాక్టరు ఫోన్‌లోనో వీడియోలోనో చూసి చెబితే చేసి, చేసింది రాసిపెట్టాల్సినవి మరికొన్ని. పాలజ్వరానికి కాల్షియం ఇందులోకే వస్తుంది. మొదట చర్మం కింద ఎక్కించి, నరంలోకి వేయాలా వద్దా అన్నది డాక్టరుకు వదిలే పద్ధతీ పెట్టుకోవచ్చు. కడుపుబ్బరానికి గొట్టం వేయడం, డాక్టరు రాసిచ్చిన యాంటీబయాటిక్ కోర్సులో మిగతా రోజుల సూదులు కూడా ఇందులోవే.

ఇక మూడో రకం, ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడనివి. ఇక్కడ నేను మీకంటే కఠినంగా ఉంటాను. పడని మాయను చెయ్యి పెట్టి లాగడం మన ఊళ్లలో ఇంకా గొప్ప వైద్యంగా చలామణీ అవుతోంది. దానివల్ల గర్భసంచి చిరిగి, చీము పట్టి, మళ్లీ చూడి కట్టని ఆవులు ఎన్నో. అడ్డం తిరిగిన దూడను నలుగురు కలిసి తాడు కట్టి లాగడమూ అంతే. కత్తి పట్టే పని ఏదైనా డాక్టరుదే. యాంటీబయాటిక్ మొదటి డోసు నిర్ణయం కూడా డాక్టరుదే, ఎందుకంటే ఆ సూది ఆవుతో ఆగదు. పొదుగువాపుకు మందు వేసిన ఆవు పాలు ఇన్ని రోజులు కేంద్రానికి పోయకూడదని చెప్పేవాళ్లు లేకపోతే, ఆ మందు మన పిల్లల గ్లాసుల్లోకే వస్తుంది. డైక్లోఫెనాక్ కథ మనకు గుర్తుండాలి. పశువులకు వేసిన ఆ నొప్పి మందు, చచ్చిన పశువును తిన్న రాబందులను దాదాపు తుడిచిపెట్టాక 2006లో గానీ పశువులకు నిషేధించలేదు. పాడి పశువులకూ కోళ్లకూ కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్ ఆపింది 2019లో. ఏ మందు ఎందుకు వాడకూడదో చదువుకున్న మనిషి సంతకం లేకుండా ఇలాంటివి కదలకూడదు.

శవ పరీక్షను కూడా ఈ మూడో రకంలోనే పెట్టండి. దొమ్మ రోగంతో (ఆంత్రాక్స్) చచ్చిన గొర్రెను తెలియక కోసి చూస్తే ఆ క్రిముల బీజాలు ఆ నేలలో ఏళ్ల తరబడి ఉండిపోతాయి. కోసినవాడికీ అంటుకుంటుంది.

ఇక 'పర్యవేక్షణ, ఆదేశం' అన్న షరతు. చట్టంలో ఈ రెండింటికీ నిర్వచనం లేదు. డాక్టరు పక్కనే నిలబడాలా, అదే మండలంలో ఉంటే చాలా, ఫోన్‌లో చెబితే సరిపోతుందా? ఎవరికి ఎలా కావాలంటే అలా చదువుకోవచ్చు. మన దగ్గర ఆచరణలో అది 'శాఖలో పై అధికారి' అన్న అర్థానికి కుదించుకుపోయింది. బ్రిటన్ చట్టం మనకంటే పాతది, 1966 నాటిది. అది కాలం చెల్లిందని, మార్చాలని అక్కడివాళ్లే ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. అయినా ఒక్క పని శుభ్రంగా చేశారు. రిజిస్టరైన వెటర్నరీ నర్సు డాక్టరు ఆదేశం మీద వైద్యం చేయొచ్చు, శరీర కుహరంలోకి వెళ్లని చిన్న సర్జరీ చేయొచ్చు అని షెడ్యూల్‌లో రాశారు. ఆదేశం అంటే డాక్టరు చెబితే చాలు, అక్కడ ఉండనక్కర్లేదు. పర్యవేక్షణ అంటే ఆ ఆవరణలోనే ఉండి, పిలిస్తే రాగలగాలి. ఈ తేడాను అక్కడ పశువైద్యులను నియంత్రించే రాయల్ కాలేజీ తన మార్గదర్శకాల్లో విడమరిచి చెప్పింది. మన చట్టంలో రెండూ కలిపి ఉన్నాయి కాబట్టి, అక్షరం పట్టుకుని చదివితే రాత్రి రెండింటికి నేను ఆ కొట్టంలో ఉండి తీరాలి. ఏ పనికి ఏది కావాలో మీరు నియమాల్లో రాయాలి. ఫోన్ వైద్యానికి ఒక షరతు కూడా పెట్టండి: ఆ మందను డాక్టరు ఈమధ్య కాలంలో ఒక్కసారైనా కళ్లతో చూసి ఉండాలి. లేకపోతే హైదరాబాద్‌లో కూర్చున్న ఏదో యాప్ డాక్టరు చిత్తూరు ఆవుకు మందులు రాసేస్తాడు.

ఇప్పుడు మావాళ్ల అభ్యంతరాలు. మొదటిది, 'ఇలా వదిలితే ఊరికో నకిలీ డాక్టరు పుట్టుకొస్తాడు' అన్నది. పుట్టుకొచ్చి చాలా కాలమైంది కదా! రిజిస్టరు లేదు కాబట్టే రెండేళ్లు పాలిటెక్నిక్‌లో చదివిన కుర్రాడికీ, మందుల షాపులో నాలుగు పేర్లు నేర్చుకున్నవాడికీ రైతు తేడా చెప్పలేకపోతున్నాడు. పారావెట్లకు నంబరు ఇచ్చి, కార్డు ఇచ్చి, ఫిర్యాదు చేయడానికి ఒక చోటు చూపిస్తే ఆ తేడా బయటపడుతుంది. ఆ పేరును కూడా చట్టంతో కాపాడండి. బ్రిటన్‌లో వెటర్నరీ నర్సు అన్న పేరు ఎవరైనా పెట్టుకోగలగడం ఇప్పటికీ తలనొప్పిగానే ఉంది. మనం అదే గుంటలో పడక్కర్లేదు.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. దానితో నేనూ ఏకీభవిస్తాను. 'పారావెట్లకు అధికారం ఇస్తే ప్రభుత్వం డాక్టర్ల పోస్టులు నింపడం మానేస్తుంది, చవగ్గా పని అయిపోతుంది కదా అనుకుంటుంది.' ఇది ఉత్త భయం కాదు. పట్టా చేతిలో పెట్టుకుని నోటిఫికేషన్ కోసం ఎదురుచూసిన ఏ బ్యాచ్‌ను అడిగినా చెబుతారు. అందుకే ప్రతి పారావెట్ రిజిస్ట్రేషన్‌లోనూ ఒక డాక్టరు పేరు ఉండి తీరాలన్న నియమం పెట్టండి. ఒక డాక్టరు కింద ఇంతమందికి మించి ఉండకూడదని సంఖ్య కట్టండి. ఆ డాక్టరు బదిలీ అయినా, రిటైరైనా నెల రోజుల్లో ఇంకొకరి పేరు చేరాలి. చేరకపోతే రెండో రకం పనులు ఆ ప్రాంతంలో ఆగిపోతాయి. అప్పుడు అడిగేది మా సంఘాలు కావు, రైతులు. ఎమ్మెల్యే గారి ఇంటి ముందు పాల క్యాన్లు పెడితే పోస్టు ఎంత తొందరగా నిండుతుందో చూద్దురుగాని.

అమెరికాలోని కొలరాడోలో 2024 నవంబరులో ఓటర్లు బ్యాలెట్ ద్వారా కొత్త మధ్యస్థాయి పశువైద్య ఉద్యోగాన్నే సృష్టించారు. మాస్టర్స్ చదివి, డాక్టరు పర్యవేక్షణలో రోగ నిర్ధారణ, మామూలు సర్జరీలు కూడా చేయొచ్చట. అక్కడి పశువైద్యుల సంఘం గట్టిగా వ్యతిరేకించింది. నేను అంత దూరం వెళ్లమనడం లేదు. మనకు ఆ అవసరం రాలేదు కూడా.

పారావెట్లకు గుర్తింపు వాళ్ల రక్షణ కోసం కూడా కావాలి. 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ పథకం కింద గాలికుంటుకు, పశువుల్లో గర్భస్రావం కలిగించే బ్రూసెల్లోసిస్‌కు టీకాలు వేస్తున్నాం. బ్రూసెల్లా టీకా నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యలకు వేసేది, బతికున్న క్రిమితో తయారైనది. పెయ్య తన్నుకుని సూది వేసేవాడి వేలికి గుచ్చుకుంటే నెలల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులు. చట్టం దీన్ని 'చిన్న సేవ' అంటుంది. ఆ చిన్న సేవ చేస్తూ జబ్బు పడిన కాంట్రాక్టు కుర్రాడు ఏ రిజిస్టరులోనూ లేడు. ఏ బీమాలో అడగాలో వాడికి తెలియదు. నమోదుతో పాటే శిక్షణ, చేతి తొడుగులు, కళ్లద్దాలు, ప్రమాద బీమా అనివార్యం చేయండి.

సీట్లు పెంచితే సరిపోదా అని అడిగేవాళ్లు ఉంటారు. పశువైద్య డిగ్రీ బీవీఎస్సీ అంటే ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. ఈ ఏడు చేరిన అమ్మాయి మొదటి ఆవును సొంతంగా చూసేసరికి పాడి రైతు ఇంట్లో రెండు తరాల పెయ్యలు ఈనుతాయి. పైగా టీచర్లు లేకుండా, ఆసుపత్రికి కేసులు రాకుండా బోర్డు పెట్టేసిన కాలేజీకి మీరు గుర్తింపు ఆపినప్పుడు నేను మీ వైపే. ఆ విషయంలో ఎవరు ఒత్తిడి తెచ్చినా వంగొద్దు. కానీ చేరిపోయిన పిల్లలు ఎండలో ధర్నా చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం తప్పు. గుర్తింపు తేలేదాకా అడ్మిషన్లే జరగకుండా చూడాల్సిన బాధ్యత మీకూ ఉంది, రాష్ట్రాలకూ ఉంది.

ఇక మీ రిజిస్టరు. అందులో పేరున్నవాళ్లలో బ్యాంకుల్లో ఉన్నవాళ్లు, గ్రూప్స్ రాసి రెవెన్యూలో చేరినవాళ్లు, కెనడాలో, ఆస్ట్రేలియాలో ఉన్నవాళ్లు, ప్రాక్టీసు మానేసినవాళ్లు ఎందరో. రెన్యువల్ ఫారంలో మూడు ప్రశ్నలు చేర్చండి: మీరు ఇప్పుడు వైద్యం చేస్తున్నారా, ఏ మండలంలో, ఏ పశువులకు? జవాబులు వచ్చిన ఏడాదికే ఏ జిల్లాలో నిజంగా ఎందరున్నారో మ్యాపు గీయొచ్చు. ఆ పని చేయకుండా కొరత గురించి మాట్లాడటం చీకట్లో గొర్రెలు లెక్కపెట్టినట్టే.

ప్రైవేటు పశువైద్యులను కూడా పర్యవేక్షకులుగా గుర్తించండి. ఒక డాక్టరు, నలుగురు డిప్లొమా వాళ్లు, నాలుగు బైకులు కలిస్తే పది ఊళ్లను చూసుకోవచ్చు. పాల సంఘం నెలకింత చొప్పున కడితే ఆ జట్టు నిలబడుతుంది. ఇప్పుడున్న అయోమయంలో ఏ ప్రైవేటు డాక్టరూ తన పేరు మీద ఇంకొకరి చేత సూది వేయించడానికి సాహసించడు. తప్పు జరిగితే ఎవరి బాధ్యత ఎంతో రాసి లేదు కాబట్టి, పని వదులుకోవడమే క్షేమం అనుకుంటాడు. నేనూ ఇప్పటికి అదే చేస్తున్నాను.

రెండు రాష్ట్రాల శాఖలకు విడిగా ఒక మాట. డాక్టర్ల టైమును కాగితాలు తినేస్తున్నాయి. పశువుల చెవి పోగుల నంబర్లు కంప్యూటర్‌లో ఎక్కించడం, పథకాల లబ్ధిదారుల జాబితాలు, రోజూ వీడియో కాన్ఫరెన్సులు. వీటికి అయిదున్నరేళ్ల చదువు అక్కర్లేదు. బీమా సర్టిఫికెట్ మీద డాక్టరు సంతకం మాత్రం చట్ట ప్రకారం కావాల్సిందే, దాన్ని మార్చమనను. నంబర్లు ఎక్కించే పని వేరేవాళ్లకు అప్పగిస్తే, ఆ సంతకం కోసం చచ్చిన గొర్రెను ఎండలో పెట్టుకుని కాపరి సాయంత్రం దాకా కూర్చోవాల్సిన పని తప్పుతుంది.

కౌన్సిల్ వచ్చే సమావేశం ఎజెండాలో చిన్న సేవల నమూనా జాబితాను, పర్యవేక్షణ నిర్వచనాన్ని, రెన్యువల్ ఫారం మార్పును మూడు వేర్వేరు అంశాలుగా పెట్టండి. ఒకటి ఆగిందని మిగతా రెండూ ఆగకూడదు. ముసాయిదాను తెలుగులోనూ విడుదల చేయండి. గోపాలమిత్రలు, పశుమిత్రలు, గొర్రెల కాపరుల సంఘాలు చదివి అభిప్రాయం చెప్పేలా రెండు నెలల గడువు ఇవ్వండి. మొదట మా రెండు రాష్ట్రాల్లో ఒక్కో జిల్లాలో పెట్టి చూస్తామన్నా అభ్యంతరం లేదు. ఆ జిల్లా మాదే అయితే పర్యవేక్షించే డాక్టరుగా నా పేరు రాసుకోండి.

ఇట్లు,
రాయలసీమ నుంచి ఒక నమోదిత పశువైద్యుడు